‘ఖాళీ’ అన్న మాటను మాన్పించిన శాంతిరాజ్ గారు

గౌరవనీయులు శ్రీ శాంతిరాజ్ గారు 2009 జూన్ 15న సముద్రతీరంలోని ద్రవీకృత సహజవాయు దిగుమతి టెర్మినల్‌లో, ట్యాంకర్లు నింపే విభాగంలో ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. గోదావరిఖనిలో బొగ్గు లారీల లోడింగు చూసి వెళ్లిన వారికి, ఓడలో వచ్చిన గ్యాసును మహాశీతల ద్రవంగానే లారీకెక్కించే ఈ విద్య పూర్తిగా కొత్తది. బొగ్గైతే కుప్పగా పోయవచ్చు. ఇక్కడ ట్యాంకు పైభాగాన కొంత జాగా వదలాలి, మంచు పట్టిన గొట్టాన్ని ఉత్త చేత్తో ముట్టరాదు. తక్కువ మాట్లాడి, ఎక్కువ చూసి, వారు ఆ పనిని ఆకళింపు చేసుకున్నారు.

అనంతరం షిఫ్టు ఇన్‌చార్జిగా పదోన్నతి పొంది, ఫ్యాక్టరీలకు గ్యాసు చేరవేసే మా రామగుండం ట్యాంకర్ల యార్డుకు బదిలీపై వచ్చారు. ఇక్కడ జరిగిన ఒక సంగతి రాయక తప్పదు.

కాసిపేట వాసి, మా డ్రైవరు కొమురెల్లి అంతకుముందు బొగ్గు టిప్పరు నడిపినవాడు. గ్యాసు దించి వచ్చిన ట్యాంకరుకు మడ్‌గార్డు ఊడిందని, వెల్డరు వీరేందర్‌ను నేరుగా యార్డుకు పిలిపించాడు.

“బండి ఖాళీనే అన్నా, జల్ది అతికియ్యి” అన్నాడు.

బొగ్గు దించిన టిప్పరు ఖాళీయే. గ్యాసు దించిన ట్యాంకరులో మాత్రం అడుగున కాస్త ద్రవం, పైనంతా ఆవిరి మిగిలే ఉంటాయి. వీరేందర్ ముసుగు దించుకోబోతుండగా శాంతిరాజ్ గారు చూశారు. అరవలేదు. వెళ్లి ముందు వెల్డింగు మిషను కరెంటు తీగ ఊడబెరికారు.

“ఖాళీ అని ఎవలు చెప్పిన్రు?”

“నేనే కాకా. దించినంక ఖాళీ గాదా?” అన్నాడు కొమురెల్లి.

“నీ బుర్రను అను ఖాళీ అని. గీ బండిని అనకు. లోపల గ్యాసున్నది.”

వీరేందర్ ముసుగు తీసి పక్కన పెట్టాడు. “వీడు నన్ను ఇయ్యాల దండేసిన ఫొటోల పెట్టిచ్చేటోడు కాకా.”

“పెట్టియ్యలే గదా. నీళ్లు తాగి ఇంటికి పో.”

మరునాటి నుంచి మా యార్డులో ‘ఖాళీ’ అన్న మాట ఆగిపోయింది. ‘దించిన బండి’ అనాలి. అలవాటున నోరు జారినవారు శాంతిరాజ్ గారి చూపు దాటి పోలేదు. మళ్లీ నింపుకోవడానికి వెళ్లే బండ్లతో పాటు ఈ కొత్త మాట తీరంలోని టెర్మినల్‌కూ చేరింది.

ఇన్నేళ్లలో వారి షిఫ్టు నుంచి ఎవరూ దవాఖాన దారి పట్టలేదు. ఈ వాక్యం రాస్తుంటే గుండె తేలికపడుతోంది. వారి పదవీ విరమణకు జరుపుతున్న ఈ వీడ్కోలు సభకు వీరేందర్ తన భార్య మమతతో, పిల్లలతో వస్తున్నాడు. శాంతిరాజ్ గారికి మేమివ్వగల సన్మానాలలో అంతకు పెద్దది లేదు. శాంతిరాజ్ గారు సతీమణి డెబోరా గారితో కలిసి, ఆ పిల్లల పెళ్లిళ్లకు పెద్దలుగా నిలిచి, వారి బిడ్డలను సైతం ఎత్తుకునేంత ఆరోగ్యంతో, ఆయుష్షుతో వర్ధిల్లాలని మా యార్డు వారందరి తరఫున కోరుకుంటున్నాను.