బావ ఏరికోరి తెచ్చిన హోమ్ థియేటర్

సాయంత్రం వడ్రంగి హోమ్ థియేటర్ కొనడానికి వెళ్తున్నాడని తెలియగానే, అతని అక్క మొగుడు టీ కొట్టు ముందు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఆయన అలా కూర్చున్నాడంటే కోతలు మొదలైనట్టే. అందరూ ఆయన్ని డప్పు బావ అని ఊరికే అనరు. వడ్రంగి ఇంటికి ఇదే మొదటి హోమ్ థియేటర్. తండ్రికి చెవులు మందగించాయి, సినిమాలో మాటలు అందక ఈమధ్య టీవీ ముందు కూర్చోవడమే మానేశాడు. ఆయన్ని మళ్లీ నలుగురి మధ్యకి తెచ్చుకోవాలన్నదే కొడుకు తాపత్రయం.

"నేనొస్తాలేరా నీతో," అన్నాడు బావ. "స్పీకర్లు ఎంచడమంటే ఆషామాషీ కాదు. నేను కొనేముందు ఏం చేశానో తెలుసా? మా హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట చరిచా. ఆ మోతను బట్టి ఈ గదికి ఎంత పెట్టె కావాలో తేల్చేశా."

"అంతేనా?" అన్నాడు టీ కొట్టాయన, పాలు పొంగకుండా మంట తగ్గిస్తూ.

"అంతేనా అంటావేమిటయ్యా! షాపులో ఈ సంగతి చెబితే ఓనరు పరిగెత్తుకొచ్చి, తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, 'ఏది బాగుందో మీరే చెప్పండి సార్, మిగతావన్నీ కంపెనీకి తిప్పి పంపేస్తా' అన్నాడు, నేను కళ్లు మూసుకుని ఒక్కోటీ విని, ఒకదాని లోపల మర వదులైందన్నా, విప్పి చూస్తే నిజంగానే వదులు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటికి తెచ్చి బిగించి ఉరుముల సీను పెట్టా, వీధి వీధంతా మేడలెక్కి ఆరేసిన బట్టలు తీసేసుకుంది."

"మండుటెండలోనా?" అన్నాడు పక్కనున్న మంగలి.

"ఎండ ఎక్కడుంది నాయనా! ఆ ఉరుము విని మబ్బులు తమవాళ్లెవరో పిలుస్తున్నారనుకుని వచ్చేశాయి, వాన దంచేసింది. అక్కడితో ఊరుకున్నానా? రైలు సీను పెట్టా. గేటాయన గేటు వేసేశాడు, బళ్లన్నీ బారులు తీరాయి, ఎంతకీ రైలు రాదే! చివరికి మా ఇంటికొచ్చి, 'అయ్యా, ఆ రైలును కాస్త దాటించండి' అని బతిమాలితే, పోనీలే పాపమని రిమోట్ నొక్కి సీను ముందుకు జరిపా. అప్పుడు లేచింది గేటు."

అందరూ నవ్వారు. వడ్రంగి నవ్వలేదు.

"మరి మాటలు తెలుస్తాయా బావా?"

"మాటలా! హీరోయిన్ మనసులో అనుకున్నవి కూడా వినిపిస్తాయిరా. పుట్టుచెవిటివాణ్ణి తెచ్చి కూర్చోబెట్టు, పాటకి తాళం వేసుకుంటూ లేస్తాడు."

ఆ మాట వడ్రంగికి చురుక్కుమంది. అక్కను తలుచుకుని ఊరుకుందామనుకున్నాడు గానీ, ఇక ఆగలేకపోయాడు.

"ఆదివారం నాన్నను మీ ఇంట్లో దాని ముందు కూర్చోబెట్టావుగా బావా. సినిమా అంతా చూసి ఇంటికొచ్చి, 'కొట్టుకునే చప్పుళ్లు తప్ప ఒక్క మాటా వినపడలేదురా, నాకు పూర్తిగా చెముడొచ్చేసింది' అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అనుమానమొచ్చి పొద్దున మీ ఇంటికెళ్లి అదే సినిమా పెట్టా. నాకూ వినపడలేదు. అక్కేమో వంటింట్లో వంట చేసుకుంటూనే కథంతా పొల్లుపోకుండా చెబుతోంది. మాటలొచ్చే మధ్య స్పీకరు టీవీ కింద పట్టడం లేదని వంటింటి గూట్లో పెట్టావట కదా?"

కొట్టంతా గొల్లుమంది. టీ కొట్టాయన నవ్వలేక స్టవ్వు కట్టేశాడు.

"అంటే... అక్కడైతే మీ అక్కకి కాలక్షేపంగా ఉంటుందని..." అని నసిగాడు బావ.

"నువ్వు రావద్దులే బావా. నాన్ననే తీసుకెళ్తా. ఆయన విని బాగుందన్నదే కొంటా."

బావ రెండు గుక్కలు టీ తాగాడు. అంతలోనే మొహం వెలిగింది. "అయితే మామయ్యకి పూర్తి చెముడు లేదన్నమాట! చూశారా, డాక్టర్లకు అంతుపట్టనిది నా సిస్టమ్ ఇట్టే తేల్చేసింది!"

"ఆ ముక్క నాన్నకి నువ్వే వెళ్లి చెప్పు బావా," అన్నాడు వడ్రంగి. "దగ్గరగా కూర్చుని, కాస్త గట్టిగా చెప్పు. ఆదివారం నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు."

బావ గ్లాసు కింద పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు.