ఆవిరి పోయేలోగా

సభకు అధ్యక్షత వహిస్తూ, ఐదు నిమిషాల్లో ముగించమని చెవిలో చెప్పి మరీ నన్ను మైకు ముందుకు పంపిన మా సంపాదకుల వారికి, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయానని ఇప్పుడే ఫోన్ చేసిన ముఖ్య అతిథి గారికి, ఆయన కోసం అట్టేపెట్టిన ఖాళీ కుర్చీకి, దాని పక్క కుర్చీలో ఈ సందడంతా వేరెవరి గురించో అన్నట్టు కూర్చున్న, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా ఫొటోగ్రాఫర్ సార్‌కి, ముందు వరసలో ఉన్న వారి శ్రీమతి అక్కయ్య గారికి, పెద్దలకు, మిత్రులకు నమస్కారం. వేదిక మీద అందరికీ టీలు వచ్చాయి. రాని అతిథి ముందు కూడా ఒక కప్పు పెట్టారు. ఆయన వచ్చేసరికి చల్లారిపోతుంది, సార్ ఇంట్లో భోజనంలాగా. (నవ్వులు)

ఇది నా మాట కాదు, అక్కయ్య గారి మాటే. పెళ్లయిన మర్నాడు కంచంలో వేడివేడి అన్నం వడ్డిస్తే, ఈయన కిటికీ రెక్క తెరిచి, కంచం అటు జరిపి, ఇటు జరిపి, కుర్చీ ఎక్కి పైనుంచి ఒక ఫొటో, నేల మీద బోర్లా పడుకుని ఒకటి తీసేసరికి అది కాస్తా చల్లారి ముద్దయిపోయిందట. "ముప్ఫై ఏళ్లుగా మా ఇంట్లో మొదట కెమెరా తింటుంది, మిగిలింది మేం తింటాం" అంటారావిడ.

మా పత్రిక చివరి పేజీ మీ అందరికీ తెలుసు. పద్దెనిమిదేళ్లుగా వారం వారం ఒక ఫొటో సార్‌ది, అందులో మనుషులు ఉండకూడదని ఆయన నియమం, దాని కింద నాలుగు వాక్యాలు నావి. తెగిన సాలెగూటి పోగు చివర ఊగే నీటిబొట్టు, సగం కోసిన బొప్పాయి, ఊరు చివర బస్సు కిటికీ మీద వాన. రోజూ చూసేవాటిలో ఇంత అద్భుతం ఉందని మీ పేజీ చూశాకే తెలిసిందని పాఠకులు ఉత్తరాలు రాసేవారు. సార్ ఫొటో తెచ్చి ఇచ్చేవారు, నేను ఆఫీసు కిటికీ పక్కన కుర్చీలోంచి లేవకుండా వెలుగు గురించి, రంగు గురించి రాసేదాన్ని. ఎక్కడ తీశారని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. చూడడమే నా ఉద్యోగం అనుకున్నాను. ఎంత పప్పులో కాలేశానో పోయిన నెలలో తెలిసింది.

ఈ గోడల మీది ప్రదర్శన కోసం, తొమ్మిది వందల పైచిలుకు ఫొటోలు లైబ్రరీ గది నేల మీద పరిచాను. ప్రకృతి, తిండి, ప్రయాణం అని మూడు కుప్పలు చేద్దామనుకున్నాను. పని సాగుతూ ఉంటే ఏ కుప్పలో వెయ్యాలో తెలియని ఫొటోలు కొన్ని తగిలాయి. వాటిని పక్కన పెట్టాను. బొప్పాయి పక్కన కత్తి మీద రసం ఇంకా జారుతోంది, కోసిన చెయ్యి లేదు. బస్సు సీటు రెగ్జిన్ మీద ఎవరో లేచిన గుంట ఇంకా పూర్తిగా పైకి రాలేదు. పార్కులో ఉయ్యాల ఊగుతోంది, చెట్ల మీద ఆకు కదలడం లేదు. సాలెగూటి పోగు గాలికి తెగలేదు, భుజం తగిలితే తెగినట్టు, మనిషి భుజం ఎత్తులో తెగింది. మధ్యాహ్నానికి నా మూడు కుప్పలూ ఖాళీ. ఫొటోలన్నీ నాలుగో కుప్పలోనే ఉన్నాయి. ఏ ఒక్క ఫొటోలోనూ మనుషులు లేరు, ప్రతి ఫొటోలోనూ ఎవరో అప్పుడే లేచి వెళ్లారు.

మీరిప్పుడు తలలు తిప్పి గోడలకేసి చూస్తున్నారు. చూడండి. ఎడమ గోడ మీద నాలుగోది, వాగు ఒడ్డున బండ మీద తడి పాదం, సగం ఆరింది. అలాంటి తడి పాదాలు ఏడు ఫొటోల్లో ఉన్నాయి, ఏడు వేర్వేరు ఊళ్లలో. అన్నింట్లోనూ బొటనవేలి కంటే పక్క వేలు పొడుగు. నేను నా కాలు చూసుకోలేదు. చూసుకోలేదని మీకు చెబుతున్నాను గాని, చూసుకున్నాను. చాలామందికి అలాగే ఉంటుందట. మా చెల్లెలికి లేదు.

వెళ్లి సార్‌ని అడిగాను. చొక్కా అంచుతో లెన్సు తుడుస్తున్నారు, అక్కయ్య గారు వద్దని చెప్పే పనే. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. ఎక్కడికి వెళ్లినా తను కొంచెం ఆలస్యమేనని, మొదట్లో ఉక్రోషంగా ఉండేదని, తర్వాత్తర్వాత అవన్నీ తన కోసమే వదిలి వెళ్తున్నారేమో అనిపించిందని చెప్పారు. మనం ఆయనకు 'ఒక్కక్షణం గారు' అని పేరు పెట్టుకున్నాం కదా, ఏ హోటల్లో కూర్చున్నా, ఏ బస్సు దిగినా "ఒక్క క్షణం, ఒక్క క్షణం" అంటారని. (నవ్వులు) ఇన్నాళ్లూ ఆ మాట మనతో అంటున్నారనుకున్నాను. మనతో కాదట.

నేను నమ్మలేదు. ఎం.ఏ. చదివినదాన్ని, ప్రతిదానికీ ఓ కారణం వెతికి గాని నిద్రపోను. అందుకే ఆయన ఆఖరి ఫొటోకి నేనూ వెంట వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, కొండదారి మలుపులో ఒక టీ కొట్టు. బస్సులోంచి మేమిద్దరమే దిగాం. రోడ్డు రెండు వైపులా కనుచూపు మేర ఖాళీ. బెంచీ మీద గ్లాసులో సగం టీ, పైన ఆవిరి. పక్కన కొరికిన జామకాయ, కొరికిన చోట ఇంకా తెల్లగా, రంగు మారకుండా ఉంది. సార్ పరుగెత్తారు. నేను నిలబడిపోయాను. కొట్టామె గిన్నె తోముతూ తలెత్తి నన్ను చూసింది.

"మళ్లీ వచ్చారేంటక్కా? ఏమన్నా మర్చిపోయారా?"

నేనెప్పుడూ ఇటు రాలేదన్నాను. ఆమె నా కళ్లద్దాలూ, భుజాన సంచీ ఎగాదిగా చూసి, "సరేలెండి" అంది, మొండికేసిన పిల్లతో అన్నట్టు. కళ్లద్దాలు పెట్టుకుని సంచీ తగిలించుకున్న ఆడవాళ్లు రోజుకి ఎంతమంది దిగుతారో ఆ మలుపులో. నాకు నేను అలాగే చెప్పుకున్నాను. ఇప్పటికీ చెప్పుకుంటున్నాను. కానీ తిరుగు బస్సులో పళ్ల మధ్య జామ గింజ తగిలింది. ఆ రోజు పొద్దుటి నుంచి నేను మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోలేదు.



అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. అసలు సంగతికి వస్తాను. వచ్చే వారం నుంచి చివరి పేజీ ఫొటోలు కూడా నేనే తియ్యాలని సార్ కోరారు, సంపాదకులు ఒప్పుకున్నారు, ఈ పొద్దున సార్ తన కెమెరా తెచ్చి నా మెడలో వేశారు. నా చేతిసంచీలో ఒక కాగితం ఉంది. నా వల్ల కాదని రాసి, సంతకం పెట్టి తెచ్చాను. అది చదవడానికే ఈ మైకు ముందుకు వచ్చాను, క్షమించండి సార్. నాకు భయం. దయ్యాలంటే కాదు. నలభై ఆరేళ్లొచ్చాయి, ఆ ఆఫీసు కిటికీ పక్క కుర్చీలోంచి లేవలేదు, ఏ వాగులోనూ కాలు పెట్టలేదు, ఏ మలుపులోనూ దిగి టీ తాగలేదు. నేను తాగాల్సిన టీ ఎవరో తాగుతున్నారు, సగం వదిలి వెళ్తున్నారు. ఇప్పుడు కెమెరా పట్టుకుని బయల్దేరితే ప్రతి చోటా నేనే అప్పుడే లేచి వెళ్లినట్టుంటే, ఆ ఖాళీని నేనే ఫొటో తియ్యాల్సి వస్తే, నా వల్ల అవుతుందా?

కాగితం కోసం సంచీలో చెయ్యి పెడుతూ ఇప్పుడే వెనక్కి తిరిగాను.

నేను మాట్లాడడం మొదలుపెట్టి పావుగంట దాటింది. వేదిక మీద కప్పులన్నీ చల్లబడి మీగడ కట్టాయి. అధ్యక్షుల వారిదీ అంతే, సార్ అసలు ముట్టుకోనే లేదు. కానీ ఆ ఖాళీ కుర్చీ ముందున్న కప్పు చూడండి. సగానికి దిగింది. ఇంకా ఆవిరి వస్తోంది. సార్, ఎవరన్నా వచ్చి కూర్చున్నారా? మీరలా నవ్వుతూ అటు చూస్తారు గాని, నాతో చెప్పరు.

కాగితం సంచీలోనే ఉండనివ్వండి. దాని సంగతి తర్వాత ఆలోచించవచ్చు, ఆవిరి తర్వాత ఉండదు. సార్, మీరు కదలకండి. చివరి పేజీలో మనుషులు ఉండకూడదన్న నియమం మీది, ఈ ఒక్కసారికి తప్పుతున్నాను, మీరు లేవకముందే మిమ్మల్ని తీస్తున్నాను. అక్కయ్య గారూ, ఈ పూట భోజనం కూడా చల్లారేట్టుంది, ఏమనుకోకండి. అధ్యక్షుల వారికి, ఓపిగ్గా విన్న మీకందరికీ, కనిపించినా కనిపించకపోయినా ఈ సభలో ఉన్నవారందరికీ నా కృతజ్ఞతలు.

ఒక్క క్షణం. మీతో కాదు.

సెలవు.