చివరి అధ్యాయం ముందు పనసాకు

ముసురు పట్టిన మధ్యాహ్నం, ఊరి గ్రంథాలయమైన వాయనశాల పుస్తకాలు ఇల్లిల్లూ తిరుగుతూ ఇచ్చే ప్రసన్న, కార్త్యాయనమ్మ అరుగు మీద సంచి దించింది.

"ఈ నవలా పూర్తి చెయ్యలేదా అమ్మమ్మా? నువ్వు పెట్టిన పనసాకు చివరి అధ్యాయం ముందే ఉండిపోయింది."

"ఉండనీ. ఇంకోటివ్వు."

"మా అమ్మ ఈ సంచి మోసిన రోజుల్లో, చివరి పేజీ చదివాకే పుస్తకం తీసుకునేదానివట!"

"అప్పుడంతా తొందరే పిల్లా. కథలో అమ్మాయికి పెళ్లయిందో లేదో తెలిస్తేగాని అన్నం సయించేది కాదు."

"మరిప్పుడు?"

"ఇప్పుడు చదివేది మీ తాతకి వినిపించడానికి. మంచం మీద కళ్లు మూసుకుని, వాన వింటున్నట్టు వింటారు. కథ ఆఖరికొస్తోందంటే చాలు, నా చెయ్యి పట్టుకుని 'మిగతాది రేపు' అంటారు."

"మర్నాడు?"

"కొత్తది మొదలుపెడతాం."

ప్రసన్న సంచంతా వెతికి, అన్నిటికన్నా లావుపాటి పుస్తకం తీసి ఆమె ఒళ్లో పెట్టింది.