రాజరత్నం దిగిన గుంత

ఏంది హరిబాబూ, మీ సైటులో కూలోళ్లు బెల్టు కట్టుకోమంటే కట్టుకోరని విసుక్కుంటా ఉండావా? కూర్చో నాయనా, కూర్చో. వాళ్లకి భయం లేక కాదబ్బాయ్. ఒక్కొక్కరి భయం ఒక్కో చోట ఉంటది. మా రాజరత్నం మేస్త్రి సంగతి చెప్తా విను. నువ్వు చూళ్లేదులే, నీకు ఊహ తెలిసేసరికే పోయినాడు. మార్కాపురం పలకల గనుల కాడ పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల నాయన ఆ గనిలోనే గట్టు విరిగి మీద పడి పోయినాడు. ఈయన గని పని మానుకొని గిద్దలూరొచ్చి తాపీ నేర్చుకున్నాడు. నేనేమో, తెలుసు కదా, పెద్దారవీడులో సేద్యం. వానల్లేక పైరు ఎండిపోతే వచ్చి ఆయన కాడ చేరినా. బావులు తవ్వి పెరిగినోణ్ణి, మట్టంటే నాకేం భయం? గుంతలో దిగితే ఇంట్లో కూర్చున్నట్టే ఉండేది. అదే సారువ ఎక్కాలంటే, అదే అబ్బాయ్, గోడ పక్కన కర్రలు కట్టి చెక్కలేసుకొని నిలబడతారే, అది, ఎక్కితే కర్రని కరుచుకొని ఉండిపోయేవోణ్ణి. రెండు చేతులా కర్ర పట్టుకుంటే ఇంక తాపీ ఏ చేత్తో పట్టుకునేది? ఆయనేమో దాని మీద పిల్లి మాదిరి నడిచేవోడు. "ఏంది నాగేశ్వర్లన్నా, ఆ కర్రకేమన్నా తాళి కట్టినావా, వదలవే" అని నవ్వేవోడు.

ఆ, యాడున్నాం? స్టేషన్ రోడ్డులో బట్టల దుకాణమాయన మేడ కడతా ఉండాం. ముందు రోజు వాన. నీళ్ల సంపు కోసం గుంత నేను తవ్వతా ఉంటే పైనుంచి, "అన్నా, పైకి రా, గట్లకి చెక్కలు ఆనించి దిగుదువు" అన్నాడు. "పోవయ్యా, ఇంతకన్నా లోతు బావులు చూసినా" అన్నా. పిలిచి పిలిచి, ఆఖరికి ఆయనే దిగి నా పక్కన కూర్చున్నాడు. "నువ్వు పైకొస్తేనే నేనొస్తా" అన్నాడు. చూస్తే ఒళ్లంతా చెమట, పళ్లు టకటక కొట్టుకుంటా ఉండాయి. సారువ మీద ఈల వేసే మనిషి! పార అక్కడే పడేసినా. చెయ్యి పట్టుకొని పైకి తీసుకొచ్చి, చెక్కలు ఆనించినాకే మళ్లీ దిగినా. కూలిందా అంటావా? కూలలేదు. చెక్కలుండబట్టే నిలబడిందో, ఉత్తగానే నిలబడేదో, ఎవురికి తెలుసు? నా కోసం ఆ మనిషి దిగినాడు చూడు, అదీ నాకు కావాల్సింది.

ఆ సాయంత్రం నేనే అన్నా, "రాజరత్నం, నీ భయం నేను విన్నా. నా భయం నువ్వూ వినాల. రేపట్నుంచి నీ నడుముకి తాడు కడతా." పకపకా నవ్వినాడు గానీ కట్టించుకున్నాడు. రెండో కొస పైన పిల్లరుకి కట్టి, బావిలోకి మనిషిని దించేటప్పుడు వేసే ముడే వేసేవోణ్ణి. మేడ పైకప్పు కాడ ఒకరోజు సారువ కర్ర ఫెళ్లుమని విరిగింది. చెక్క కింద పడింది, సిమెంటు బొచ్చె కింద పడింది. ఈయన గాల్లో వేలాడతా ఉండాడు. మేమందరం కేకలు పెడతా ఉంటే, "అన్నోయ్, బొక్కెన కట్టినట్టు కట్టినావే, తోడుకో మరి" అంటాడు! పైకి లాగినాక మాత్రం నా భుజం మీద తల పెట్టి చానాసేపు ఎత్తలేదు.

తర్వాత చానా ఏళ్లు బతికినాడు. ఆఖరికి పలకల దుమ్ము తీసకపోయింది. చిన్నప్పుడు గనిలో పీల్చింది, ఊపిరితిత్తుల్లో అట్లనే ఉండిపోయిందంట. దానికి ఆయనా భయపడలేదు, నేనూ భయపడలేదు. మా ఇద్దరి ఇళ్లల్లో దుమ్ముకి భయపడినోళ్లు ఎవురున్నారు? వాళ్ల కూతురు వాణి కబురు పెడితే పోయినా. ఆయాసంతో మాట రావడంలేదు. నా చెయ్యి తీసి తన నడుం మీద పెట్టుకొని, "ఇన్నేళ్లూ... ఈ తాడు మీదనే కదన్నా" అన్నాడు. వాణి పెళ్లి చూసినాడు, మనవణ్ణి ఎత్తుకున్నాడు, అన్నీ ఆ తాడు మీదనే...

...

మీ అత్త పిలస్తా ఉంది, చాయ్ అయినట్టుంది. లే.