బొటనవేలి సాక్ష్యం

అంతేలెండి, గోడ మీద బల్లి చెబితే శకునం, నేను చెబితే అబద్ధం. ఆ పెట్టె తాడు కాస్త వదులు చెయ్యండి సీతారావమ్మగారూ, తెగేట్టుంది. వాకిట్లో షౌకత్ జట్కా ఎక్కడికీ పోదు. ఆ గుర్రం నా ఈడుది, దానికి బయల్దేరాలని బుద్ధి పుట్టటానికే ఒక పూట పడుతుంది.

రైలుకింకా వేళుంది. అది గుంటూరులో కూతేస్తేనే ఈ నరసరావుపేటలో నా చెవిన పడుతుంది. అప్పుడు లేద్దురు.

ఏందీ, ఇంకేమీ వినదల్చుకోలేదా? వినొద్దు. మీరు మూట కట్టుకోండి, నేను గోడకి చెప్పుకుంటా.

పొద్దున మీరు బజారుకెళ్ళారు గదా. రూతమ్మ పొయ్యి దగ్గరుంది, మీ అమ్మాయి పడిపోయిన ఎడంకాలికి చుట్టే కంబళి ముక్కల్ని మరిగే నీళ్ళల్లో ముంచి పిండుతూ. నేను మంచం పక్కన కూర్చుని ఈగలు తోలుతూ, మా తాత పులిని చీపురుతో కొట్టిన సంగతి ఎత్తుకున్నాను. దెబ్బలకి తాళలేక పులి పోయి మా నాయనమ్మ కొంగు చాటున దాక్కుందన్నాను. మీ సుభాషిణి నవ్వింది. మంచం కోళ్ళు అదిరేట్టు నవ్వింది. ఆ నవ్వులో ఎడంకాలి బొటనవేలు కదిలింది.

కదిలింది తల్లీ.

రూతమ్మని కేకేశాను. అది చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి వేలు కట్టెపుల్లల్లే పడుంది. ఈలోపు మీరొచ్చారు. కదుపు, కదుపు అని మీరు నిలదీస్తే పిల్ల బిక్కచచ్చిపోయి నాకు తెలీదమ్మా అంది. నవ్వేవాళ్ళకి తమ కాలివేళ్ళ సంగతేం తెలుస్తుంది?

మీరు రూతమ్మనడిగారు. అది నా తమ్ముడి కూతురంటే ఒక్కోసారి నాకే నమ్మకం చాలదు. "నేను చూళ్ళేదండీ. చూడంది చెప్పలేను" అంది. ఔనని తలూపితే మెడ విరిగిపోయేదా? మిషన్ ఆసుపత్రిలో పడిపోయిన కాళ్ళకి మర్దనా చెయ్యటం, వంచటం, చాపటం అన్నీ నేర్పారు గానీ బతికే విద్య నేర్పలేదు దానికి.

ఆ కొలువు మానుకుని ఇక్కడ సొంతంగా వైద్యం మొదలుపెట్టిన రోజులు మీరు చూడలేదు. ఈ వసారాలో కాకి వాలితే ఒట్టు. ఈగలు కూడా పక్కింటికే పోయేవి. అది గుమ్మంలో కూర్చుని రోడ్డు వంక చూస్తుండేది. ఆ చూపు భరించలేక నేను బయల్దేరాను.

మా గుళ్ళో ఆడవాళ్ళ కూటంలో సాక్ష్యం చెప్పుకుంటారు. దేవుడు నాకు ఫలానా మేలు చేశాడని లేచి నిలబడి చెప్పాలి. చెప్పినదాన్ని ఎవరూ తిరిగి అడగరు. ఆమేన్ అంటారు, కూర్చుంటాం. నూజెండ్ల ఇన్నయ్య భార్య, పక్షవాతంతో పడకేసిన మనిషి, రూతమ్మ చెయ్యి పడ్డాక లేచి కూర్చుందని చెప్పాను. కూర్చోబెడితే కూర్చుంది, అది నిజమే గదా. పై ఆదివారం ఆమెని నడిపించాను. ఆ పై ఆదివారం నీళ్ళ కడవ మోయించాను. కోటప్పకొండ ఎక్కించింది మాత్రం నేను కాదు, ఊరు. యేసుని నమ్ముకున్న మనిషి శివుడి కొండెందుకెక్కుతుందని ఒక్కళ్ళకీ అనుమానం రాలేదు చూశారా.

మంత్రసాని తిరుపతమ్మ చెవిన పడితే ఇక ఆగుతుందా? పురుడు పోసిన ప్రతి ఇంటా చెప్పింది. మీ పేరంటాల్లో పసుపు కుంకుమలతో పాటు పంచిపెట్టారు. ఆ మాట గురజాల దాకా పాకి మీ ఇల్లు చేరింది. జనం వచ్చారు. వసారా చాలక చింతచెట్టు కింద మంచాలేశాం. పల్నాడంతా ఇక్కడే పడుకుందంటే నమ్మండి.

ఆ, సరే. నాలుగు మంచాలు.

మీరొచ్చిన రోజు రూతమ్మ మీకు దాపరికం లేకుండానే చెప్పింది. ఏళ్ళు పడుతుంది, అప్పటికీ కర్ర ఊతం కావాల్సిరావచ్చు, మాట ఇవ్వలేను అంది. మీరు దాని మొహం చూడలేదు, నా మొహం చూశారు. నేనేమన్నాను? దిష్టి తగలకుండా అదట్టాగే తగ్గించి చెబుతుంది, పది రోజుల్లో పరిగెడుతుంది మీ పిల్ల అన్నాను. మా వెనకగదిలో దిగి, మొదట్లో మా కుండ నీళ్ళు కూడా ముట్టని మనిషి, పిల్ల కోసం అన్నీ దిగమింగుకుని ఇన్ని నెలలున్నారు. ఇప్పుడా కుండలోనే ముంచుకుంటున్నారు. ఆ పది రోజులే ఇవాళ మీ చేత పెట్టె కట్టిస్తున్నాయి. నాకు తెలీదా?

ఆ పది రోజులు నావి. కానీ వైద్యం ఇప్పుడాపితే మోకాలు వంకరగానే బిగుసుకుపోతుందన్న మాట రూతమ్మది. చూడంది చెప్పలేనన్న నోటితో అన్న మాట. దాన్ని నమ్మండి.

మరి వేలు సంగతి నువ్వే చెబుతున్నావు గదా, నిన్నెట్టా నమ్మమంటావంటారు. న్యాయమే. అయితే ఒక్కటడుగుతా. నేను అబద్ధమే ఆడదల్చుకుంటే బొటనవేలితో సరిపెడతానా? నా నోటికది ఆనుతుందా? పిల్ల మంచం దిగి గుమ్మం దాకా నడిచొచ్చిందని, షౌకత్ గుర్రానికి గడ్డేసిందని చెప్పేదాన్ని. నేను నువ్వుగింజంత కదిలిందంటున్నాను. ఈ నోటి నుంచి ఇంత చిన్న మాట ఎప్పుడైనా విన్నారా మీరు?

ఇదుగో, నన్ను నమ్మొద్దు. గుళ్ళో నేను చెబితే అందరూ ఆమేనన్నారు, ఒక్కళ్ళూ వచ్చి చూడలేదు. మీరు చూడండి. అటు కాళ్ళ వైపు కూర్చోండి. కదుపు అని అనొద్దు, అట్టా గుడ్లురిమి చూడొద్దు. రూతమ్మా, నువ్వు కూడా రావే. చూస్తేనే గదా చెబుతావు.

వేలు కదలకపోతే మీ పెట్టె నేనే నెత్తిన పెట్టుకుని జట్కాలో వేస్తాను. నడుం విరిగితే విరిగింది, కట్టు కట్టే మనిషి ఇంట్లోనే ఉంది.

ఏమే సుభాషిణీ, ఇటు తిరుగు. పొద్దున నీకు ఒక్క పులేనని చెప్పాను గదా. అది తప్పు. మూడు పులులు. అందులో ఒకదానికి జలుబు.