బట్టీ మీంచి తిరపమ్మ వేసిన కేక

తిరపమ్మ అని ఒక పిల్ల ఉండేదంట. బొగ్గులు కాల్చే గురవయ్య కూతురు. తల్లి లేదు, తండ్రీ కూతురూ ఇద్దరే. ఏం చేస్తారంటే, చేవదేలిన తుమ్మ మొద్దులు కొట్టుకొచ్చి, గుట్టగా పేర్చి, గడ్డి కప్పి, గడ్డి మీద తడిమన్ను మెత్తి, కింద చిన్న కంతలోంచి నిప్పు పెడతారు. అదీ బట్టీ. లోపల మొద్దు మండకూడదు, ఊరికే మగ్గాలి. పది రోజులు మగ్గిందా, గట్టిగా, గోటితో కొడితే ఖంగుమనే బొగ్గవుద్ది. ఆ బొగ్గు మీద కోడిని కాల్చామనుకో, పొగ ఉండదు, మాడదు, నోరూరుద్ది. ఏంటే సుబ్బులూ, అప్పుడే గుటకలేస్తన్నావు? కోడి ఇంకా రాలేదు, ఆగు. మరి మన్ను ఎక్కడన్నా పగిలి గాలి దూరిందంటే మొద్దులన్నీ భగ్గుమంటయ్యి, చేతికొచ్చేది బూడిదే. అందుకే బట్టీ మగ్గినన్నాళ్లూ దాని దగ్గర ఒక మనిషి ఉండి తీరాల. అది వాళ్ల కట్టుబాటు.

ఏమైందంటే, ఆ పిల్లకి సంబంధం వచ్చింది. అంతకుముందు రెండొచ్చాయిలే. పిల్ల గోళ్లలో మసి చూసి, మజ్జిగ తాగి పోయారు. ఈ మూడోది పక్కూరి సింగరయ్య. వాణ్ణి తిరణాల్లో ఒకసారి చూసింది, నచ్చాడు. పైకి చెప్పలేదనుకో, కానీ వాళ్లు చూడ్డానికొచ్చే రోజు గోళ్లు మాత్రం చింతపండు పెట్టి తోమిందంట, రాగిచెంబు తోమినట్టు. గురవయ్యకి ఒకటే గుబులు, ఇది కూడా పోతే పిల్ల గతేంటని. అమ్మా, ఇయ్యాల బట్టీ ఊసెత్తబాక, గమ్మున కూచో అన్నాడు. మరి దాని దగ్గర ఎవరుంటారు నాయనా అంటే, పొద్దున్నే రెండింతలు మన్ను మెత్తొచ్చాలే, పూటకి దానికేం కాదు అన్నాడంట. తెలివి! అంత మందాన మెత్తిన మన్ను ఎండకి ఏమవుద్ది? నెర్రెలిస్తది. ముప్పై ఏళ్లు బట్టీ కాల్చినోడు, కూతురి పెళ్లి ధ్యాసలో ఆ సంగతే మరిచాడు.

చుట్టాలొచ్చారు. పిల్లోడు తెల్లపంచె కట్టుకొచ్చాడు. వాళ్లమ్మ మాలకొండమ్మ చాప మీద కూచుని, ఏం అమ్మాయ్, సంగటి కెలుకుతావా, పాలు పిండుతావా అని అడగతా ఉంది. తిరపమ్మ తలొంచుకుని ఊ, ఊ అంటా ఉంది. ఇంతలో గాలి తిరిగింది. పచ్చిపొగ వాసన పోయి పొయ్యిమంట వాసనొస్తంది. నాయనా, బట్టీ పగిలింది! అని లేచి, కుచ్చెళ్లు ఎగదోపి ఒకటే పరుగు. అందరూ వెనకాలే పరిగెత్తారు. చూస్తే బట్టీ నెత్తిన చెయ్యి పట్టేంత నెర్రె, అందులోంచి మంట. తిరపమ్మ నిచ్చెనేసుకుని ఎక్కి తడిమన్ను అదమతా ఉంది. పెళ్లికొడుకు సేద్యగాడు కదా, మంట చూస్తే నీళ్లు పొయ్యడమే తెలుసు. కడవెత్తాడు. నీళ్లు పడితే మన్ను కరిగి బట్టీ మొత్తం కూలిపోద్ది! పైనుంచి పిల్ల, ఒరేయ్! కడవ దించరా! మన్ను అందియ్, మన్ను! అని ఒక్క కేకేసింది. కాబోయే మొగుణ్ణి, అంతమందిలో, ఒరేయ్ అంది. గురవయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. సింగరయ్య మాత్రం కడవ దించి గంపెత్తాడు. నెర్రె పూడేదాకా మోస్తానే ఉన్నాడు. తెల్లపంచె కాస్తా నల్లపంచె అయింది.

బట్టీ నిలబడింది. తిరపమ్మ కిందికి దిగాక అప్పుడు గుర్తొచ్చింది, తనేమందో. కళ్లల్లో నీళ్లు తిరిగినయ్యి. ఇదీ పోయిందనుకుంది. పోతే పోయింది, ఆకలితో పంపకూడదని, ఇంట్లో ఉన్న పాత బొగ్గు రాజేసి, ఉప్పూకారం పూసి కోడిని కాల్చి పెట్టింది. మాలకొండమ్మ ఒక ముక్క నమిలింది, ఇంకో ముక్క నమిలింది. గురవయ్య చేతులు జోడించి, అక్కా, తల్లి లేని పిల్ల, నోరు జారింది అన్నాడు. ఆమె ఎముక పక్కనబెట్టి, ఊరుకో అన్నా! వీణ్ణి కన్నది నేను. ఇన్నేళ్లు వచ్చినా, ఒరే గడ్డపార తేరా అంటే కదిలిన పాపాన పోలేదు. నీ కూతురు ఒక్క కేకేస్తే ఇరవై గంపలు మోశాడు. ముహూర్తం పెట్టించు, ఈ పిల్లని వదిలితే నాకిట్టాంటిది ఇంక దొరకదు అందంట. సింగరయ్య కోడి తొడ నమలతానే తలూపాడంట.

అదీ సంగతి. నన్ను చూడొచ్చిన నాడు నేనూ ఒక కేకేసుండాల్సింది. తలొంచుకుని కూచున్నా. ఇప్పుడు నలభై ఏళ్లుగా అరుస్తన్నా, అదుగో ఆ అరుగు మీదాయన చెంబెడు నీళ్లు తెచ్చిచ్చింది లేదు. నవ్వతన్నాడు చూడండి, నవ్వమనండి!