ఐలీన్ కెర్షా కట్టిన కాగితం తోరణాలు

మడత టేబులా? దానికేం, తీసుకెళ్లు. మెట్ల కింద ఉంది, కాలొకటి కాస్త వదులు, అంతే. ముందు కూర్చో. ఆ సంచి అలా కుర్చీ పక్కన పెట్టు. రాజుగారి పట్టాభిషేకానికి వీధి విందు నువ్వే చేయిస్తున్నావటగా, ఎదురింటివాళ్లు చెప్పారు. మంచిదే, ఎవరో ఒకరు పూనుకోవాలి. ఏంటీ, ఫోన్లో ఆదివారం వాన అని చూపిస్తోందా? ఊరి హాల్లోకి మార్చేద్దామనా? ఓహో. నిన్ను చూస్తుంటే నాకు ఐలీన్ కెర్షా గుర్తొస్తోంది. నీకెలా తెలుస్తుందిలే, ఆవిడ పోయి ముప్పై ఏళ్లు దాటింది. నువ్వుంటున్న ఇల్లు ఆవిడదే. వంటింటి కిటికీ సరిగా మూతపడదు కదూ? అప్పుడూ పడేది కాదు. మీరొచ్చి ఎన్నాళ్లయింది? నాలుగేళ్లా? అబ్బే, ఇంకా కొత్తే.

ఐలీన్ ఐర్లండు పిల్ల. యుద్ధమయ్యాక మన లెన్ కెర్షాని చేసుకుని ఈ వీధికొచ్చింది. మనిషి మంచిదే, పనిమంతురాలే, గుమ్మం రాయి అందరికంటే ముందు తనే తోమేది. అయినా ఏడేళ్లపాటు అందరికీ మిసెస్ కెర్షాయే. "గుడ్ మార్నింగ్ మిసెస్ కెర్షా." "చల్లగా ఉంది కదా మిసెస్ కెర్షా." అంతటితో సరి. మర్యాదకి లోటు లేదు, నువ్వనుకునేవు. ఆ మర్యాదే గోడ. మా అమ్మ ఒక్కతే, అదీ వెనకసందులో బట్టలారేసేటప్పుడు, ఐలీన్ అని పిలిచేది. "చూడు మేబెల్, వీళ్లు నన్ను తిట్టినా బాగుండును" అనేది మా అమ్మతో. "తిట్టాలంటే పేరు పెట్టి తిట్టాలి కదా." నాకప్పుడు తొమ్మిదేళ్లు, బట్టల క్లిప్పుల బుట్ట పట్టుకుని పక్కనే నిలబడి అన్నీ వినేదాన్ని.

ఎవరు పిలిస్తే అందరూ పిలుస్తారంటావా? ఇంకెవరు, మిసెస్ గ్రిమ్‌షా. మూలింటావిడ. ఈ క్రాబ్‌ట్రీ వీధికి రాణి ఎవరని అడిగితే లండన్‌లో ఉన్నావిడ పేరు రెండో మాటలో వచ్చేది. యాభై మూడులో అసలు రాణికి పట్టాభిషేకం అన్నారు, విందు ఎవరు చేయిస్తారని చాపెల్‌లో మాటొచ్చింది. మిసెస్ గ్రిమ్‌షాకి ఆ సంవత్సరం మోకాళ్ల నొప్పులు. మిగతావాళ్లందరూ తమ బూట్లవైపు చూసుకుంటున్నారు. ఐలీన్ లేచి "నేను చేస్తాను" అంది. ఐర్లండు పిల్ల, ఇంగ్లండు రాణికి విందు! లెన్ నెత్తి కొట్టుకున్నాడట. "మీ నాన్నకి తెలిస్తే?" అంటే, "మా నాన్న ఈ వీధిలో ఉండడు, నేను ఉంటాను" అందట.

ఇక మొదలు. చక్కెర ఇంకా రేషన్ మీదే, అయినా ఎలా పోగేసిందో ఏమో, జెల్లీలు, కేకులు, చేపముద్ద సాండ్విచ్‌లు. తోరణాల సంగతి చెప్పాలి నీకు. ఊరంతా నేతమిల్లులే, ఏ ఇంట్లో చూసినా గుడ్డే. ముప్పై ఏడులో ఈ రాణి నాన్నగారి పట్టాభిషేకానికి కట్టిన గుడ్డ తోరణాలు మిసెస్ గ్రిమ్‌షా అటకమీద మూటగట్టి ఉన్నాయి. ఈవిడ అడగలేదు, ఆవిడ ఇస్తాననలేదు. ఐలీన్ ముడతల కాగితం తెచ్చింది, ఎర్రదీ నీలందీ. నెల్లాళ్లు సాయంత్రాలు కూర్చుని కత్తిరించింది. గులాబీలు, కుచ్చులు, ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి దండలు. నిజం చెప్పొద్దూ, అంత అందంగా ఈ వీధి మళ్లీ ఎప్పుడూ లేదు.

ముడతల కాగితం తడిస్తే రంగు దిగుతుంది. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఐలీన్‌కి తెలీదు, వాళ్ల పల్లెలో పండగంటే చెట్టుకొమ్మలు కట్టేవారట. ఎవరైనా చెప్పొచ్చు కదా అంటావు. ఎలా చెప్తారు? చెప్పాలంటే ఆ రోజు వాన పడుతుందని ఒప్పుకోవాలి. రాణిగారి పట్టాభిషేకం రోజున వాన అని నోటితో అనడమా? మా అమ్మ కూడా చెప్పలేదు. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి "ఏం లేదులే" అని వెనక్కొచ్చింది.

తెల్లారింది. వాన. కొంచెం కాదు, కాలవలు కట్టింది. పక్కన మిల్ వీధివాళ్లు పొద్దున్నే బెంచీలు మోసుకుంటూ హాల్లోకి వెళ్లిపోయారు. వాళ్లని చూసి మనవాళ్ల నవ్వు చూడాలి. "లోపలికెళ్తున్నార్ట పాపం!" ఈ వీధికీ ఆ వీధికీ సంబంధం అప్పట్నుంచే చెడింది. ఆ హాల్లో పెద్దగది వాళ్లది, పక్కగది ఖాళీయే. ఐలీన్ తలమీద కోటు కప్పుకుని మూలింటికి పరిగెత్తింది. "మిసెస్ గ్రిమ్‌షా, పక్కగదిలోకి మారుద్దామా?" మిసెస్ గ్రిమ్‌షా గుమ్మంలో నిలబడి, చూరు మీంచి ధారలు పడుతుంటే, ఆవిడ మొహంలోకి చూసి "ఎందుకమ్మా?" అంది. అంతే. ఐలీన్‌కి అర్థమైంది. ఇది విందు కాదు, పరీక్ష.

మధ్యాహ్నం దాకా అందరూ గ్రిమ్‌షా వాళ్లింట్లో టీవీ ముందే, బూట్లు బయట విప్పి. వీధి మొత్తానికి అదొక్కటే టీవీ. లండన్‌లోనూ వానే. రథాల మీద గొడుగులు కనబడుతున్నాయి, మాట్లాడేవాడు మాత్రం జనం ఉత్సాహం గురించే చెప్తున్నాడు. కిరీటం పెట్టే వేళకి అందరూ ఆ చిన్న తెరమీదకి వంగారు. ఐలీన్ లేదక్కడ. వంటింట్లో రొట్టెలకి వెన్న రాస్తోంది. ఆవిడకోసం కుర్చీ ఖాళీగా ఉంచారు, మర్యాదకి లోటు లేదని చెప్పానుగా.

తర్వాత బయట టేబుళ్లు, పైన ఐలీన్ అప్పటికప్పుడు తెచ్చి కట్టిన తోరణాలు. టేబుళ్ల మీద మిసెస్ గ్రిమ్‌షా తెల్ల లినెన్ దుప్పటి, వాళ్లమ్మది. దాన్ని ఆవిడే పరిచింది. అందరం కూర్చున్నాం. గొడుగు తెరిచినవాళ్లు లేరు. పక్కింటి హెరల్డ్ చాపెల్ పైకి వేలు చూపించి "అదిగో, అటువైపు తెల్లబడుతోంది" అన్నాడు. డెబ్బై ఏళ్లయింది, అటువైపు ఇంకా తెల్లబడుతూనే ఉంది. నా జెల్లీ గిన్నెలో నీళ్లు నిలిచి, జెల్లీ పైకి తేలింది. అప్పుడు తోరణంలోంచి మొదటి చుక్క పడింది. నీలం. తెల్ల దుప్పటి మీద, సరిగ్గా మధ్యలో. తర్వాత ఎర్రది. తర్వాత లెక్కేముంది, మొత్తం తోరణాలు కారడం మొదలెట్టాయి. హెరల్డ్ బట్టతల మీద ఎర్రగా గీత. సాండ్విచ్‌లు నీలం. మా చెల్లి మొహం చూస్తే యుద్ధంలోంచి వచ్చినట్టుంది.

ఐలీన్ ఆ పెద్ద టీ కూజా పట్టుకుని నిలబడిపోయింది. ఎవరూ పైకి చూడలేదు. ఒక్కరు పైకి చూసినా అయిపోయేది, ఆవిడ జన్మంతా మిసెస్ కెర్షాయే. అందరి చూపూ మిసెస్ గ్రిమ్‌షా మీదే, ఆవిడ దుప్పటి కదా. ఆవిడ ఆ మరక చూసింది. వేలితో అంచు సరిచేసింది. ఒక నీలం సాండ్విచ్ తీసుకుని, తిని, నిదానంగా మింగింది. కప్పు ఎత్తి ఒక గుక్క తాగి, "టీ కాస్త పల్చగా ఉంది, ఐలీన్" అంది.

ఐలీన్ ఊరుకుంటుందా? "మీ కెటిల్‌లో కాచిందే, మిసెస్ గ్రిమ్‌షా!" అంది. నిజానికి అది టీ తప్పు కాదు, కప్పులో సగం పైనుంచి పడిందే. ఆ మాట ఎవరంటారు? మేమంతా నీలం నాలుకలతో రాణిగారికి జయజయకారాలు చేశాం. మర్నాడు వీధిలో పాలవాడితో సహా అందరూ ఐలీన్ అనే పిలిచారు. మిసెస్ గ్రిమ్‌షా మాత్రం చివరిదాకా మిసెస్ గ్రిమ్‌షాయే, అది వేరే సంగతి. ఆ దుప్పటి ఎన్ని ఉతుకులుతికినా మేఘంలా నీలంగానే ఉండేది. ఆవిడ దాన్ని వీధివైపే ఆరేసేది.

డెబ్బై ఏడులో రాణిగారి పాతికేళ్ల జూబిలీకి ఐలీన్‌దే పెద్దరికం. అప్పుడూ అదే వరస, ఆకాశం చిల్లు పడినట్టు. కొత్తగా వచ్చిన జంటొకటి వెళ్లి హాల్లోకి మారుద్దామా అంటే "ఎందుకమ్మా?" అంది, అచ్చు మిసెస్ గ్రిమ్‌షా గొంతుతో. ఐలీన్‌ని సాగనంపిన రోజు మాత్రం మంచి ఎండ. మేమంతా గొడుగులు పట్టుకెళ్లాం. ఎండలో ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు, మొహాలు ఎటు పెట్టుకోవాలో కూడా.

ఏదీ, ఆ సంచిలో ఏం తెచ్చావు? చూపించు, సిగ్గెందుకు? ఓ... దండలా. నువ్వే చేశావా, ఇన్నీ? గులాబీలు కూడా. ఎర్రదీ నీలందీ. ముడతల... ఊఁ.

బాగున్నాయి తల్లీ. చాలా బాగున్నాయి. నీ పేరేమన్నావు, మర్చిపోయాను. ఆఁ, ఇక గుర్తుంటుందిలే. టీ పెడతాను, పల్చగా తాగుతావా చిక్కగానా, టాంసిన్?